కొత్తది ఉంది కదా అని పాతది తీసేస్తే

తిరుపతిలో శుభలేఖలు ప్రింట్ చేసే డీటీపీ షాపాయన అడిగారు: "కంట్రోల్ ప్యానెల్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ అని 2008, 2010, 2013, 2022 వరసగా ఉంటే, పాతవన్నీ తీసేశాను. అప్పట్నుంచి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు. ఎంఎస్‌వీసీఆర్100 డీఎల్ఎల్ లేదంటోంది. మంగళవారం మిషన్ జోలికి వెళ్లావు, అందుకే ఇలా అయిందని మా నాన్న అంటున్నారు."

పాపం, మంగళవారం ఏం చేసింది! తప్పంతా ఏ ఫైలు ఎవరికి కావాలో విండోస్ రాసుకునే చిట్టాది.

డీఎల్ఎల్ అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడు ఉన్న ఫైలు. విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు తెచ్చిపెట్టేవి ఇలాంటి ఫైళ్లనే, ఎంఎస్‌వీసీఆర్100 వాటిలో 2010ది. దాన్ని ఎప్పుడు చెరిపేయొచ్చో విండోస్‌కి తెలియాలిగా? విండోస్ 95 కాలంలో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, ఒక్కో ఫైలుకీ ఒక అంకె రాసుకునేవారు. వాడే ప్రోగ్రాము వస్తే ఒకటి పెంచడం, పోతే ఒకటి తగ్గించడం, సున్నా అయితే ఫైలు తీసేయడం. తర్వాత వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ అంకెతో సరిపెట్టుకోకుండా, ఏ కాంపోనెంటును (ఫైళ్ల భాగాన్ని) ఏ ప్రొడక్టులు పెట్టాయో పట్టికే రాసుకుంటుంది.

చిత్తూరు వైపు మామిడి తోటల్లో ఉమ్మడి బోర్లు ఉంటాయి. కాగితం మీద ముగ్గురు అన్నదమ్ములే వాటాదారులు. వాళ్లు వద్దనుకుంటే మోటారు పైకి లాగేస్తారు. పక్క తోటాయన మాత్రం పెద్దన్న నోటిమాట మీద పైపు వేసుకుని ఏళ్లుగా చెట్లు తడుపుకుంటున్నాడు. కాగితంలో ఆయన పేరే లేదు, ఆయన్ని అడిగేదెవరు?

టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ది ఆ పక్క తోట పరిస్థితే. దాని సెటప్ 2010 ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేయిస్తుంది. పట్టికలో వాటాదారుగా నమోదయ్యేది ఆ ప్యాకేజీ ఒక్కటే. అది పోతే వాటాదారులు సున్నా, ఫైలు గల్లంతు. విండోస్ లెక్క ప్రకారం ఎక్కడా తప్పు లేదు.

మరి 2022 ఉందిగా అంటారా? 2015 నుంచి 2022 దాకా అన్నీ 14వ వరసలోవే, అక్కడ కొత్తది పాతదాని పని చేసిపెడుతుంది. 2013 వరకు ఎవరి ఫైలు వారిదే: 2008కి 90, 2010కి 100, 2012కి 110, 2013కి 120. 100 ఫైలు అడిగితే 120 ఫైలు దాని బదులు పనికిరాదు. కాలేజీల్లో డైనమిక్ లింకింగ్‌ని (ప్రోగ్రాము నడిచేటప్పుడు డీఎల్ఎల్‌ని కలుపుకోవడాన్ని) ఒక నిర్వచనంతో దాటేస్తారు గానీ, ఈ ఒక్క ఎర్రర్ చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఆయన చేయాల్సింది 2010 ప్యాకేజీని మళ్లీ వేసుకోవడమే. పాత సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది అయితే ఎక్స్86 (అంటే 32 బిట్) ప్యాకేజీ కావాలి, విండోస్ 64 బిట్‌ది అయినా సరే. ఇక్కడో తమాషా: 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లు సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో, 32 బిట్‌వి సిస్‌వావ్64లో ఉంటాయి!

ఇకముందు ఏదైనా తీసే ముందు డంప్‌బిన్ అనే టూల్‌తో ప్రోగ్రాముకి ఏ డీఎల్ఎల్‌లు కావాలో చూడొచ్చు. అయితే నడుస్తూ నడుస్తూ మధ్యలో లోడ్ చేసుకునేవి ఆ జాబితాలో రావు. ప్రింట్ బటన్ నొక్కితేనే పిలిచే ఫైలు పోయిందని ముహూర్తాల సీజన్‌లో గానీ బయటపడకపోవచ్చు.