ఎలుకలో నయమైతే మా వాడికీ నయమవుతుందా? జన్యువుల పోలికపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో జన్యు పరీక్షల రిపోర్టులు రాయడం నా పని. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు నేను తెలుగులో మాట్లాడగానే అడిగేది ఇదే: "ఎలుకల్లో నయమైందట కదా మేడమ్, మా వాడికెప్పుడు?" ఆ ఆశను తేలిగ్గా తీసుకోలేను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: జన్యువు ఒకటే కాబట్టి జబ్బూ ఒకేలా ఉంటుంది.

డుషేన్ కండరాల క్షీణతనే చూడండి. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారుకాక వచ్చే జబ్బు ఇది. ఆ జన్యువు మనిషిలోనూ ఎలుకలోనూ ఎక్స్ క్రోమోజోమ్ మీదే ఉంటుంది. ఎక్సాన్ అంటే ప్రొటీన్ తయారీకి సూచనలుండే జన్యువు ముక్క. 1984లో వెలుగులోకి వచ్చిన, ఇదే లోపమున్న ఎండీఎక్స్ అనే ప్రయోగశాల ఎలుకలో, 23వ ఎక్సాన్‌లో ఒక్క డీఎన్ఏ అక్షరం మారి ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. అయినా ఆ ఎలుక తిరుగుతుంది, దాదాపు రెండేళ్లు బతుకుతుంది. మన పిల్లల్లో చాలామందికి పన్నెండేళ్లు వచ్చేసరికి నడక పోతుంది. ఎలుక కండరం దెబ్బతిన్నా బాగా కోలుకుంటుంది, పైగా యూట్రోఫిన్ అనే ప్రొటీన్ ఆ లోటును కొంత పూడుస్తుంది.

అపోహ: ఎలుకలో మామూలుగా ఉండే అక్షరం మనిషికి హాని చేయదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లూ దీన్ని నమ్మేస్తారు. మెదడు కణాల్లో ఉండే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్‌లో 140 అమైనో ఆమ్లాలు (డీఎన్ఏ అక్షరాలను బట్టి వరుసగా చేరే ముక్కలు). మనిషిదీ ఎలుకదీ పక్కపక్కన పెడితే తేడాలు ఏడే. వాటిలో ఒకటి 53వ స్థానం. మనిషిలో అక్కడ అలనిన్ ఉండాలి. అది థ్రియోనిన్‌గా మారిన కుటుంబాల్లో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వస్తోందని 1997లో తేలింది. ఎలుకకు అక్కడ సహజంగానే థ్రియోనిన్ ఉంటుంది, దానివల్ల ఎలుకకు ఏ జబ్బూ రాదు! అందుకే "95 శాతం పోలిక" అని ఎవరైనా అంటే, మిగతా అయిదు శాతం ఎక్కడుందో వెతుకుతాను.

అపోహ: అలాగైతే ఎలుక ప్రయోగాలు దండగ.

ఎంతమాత్రం కాదు. చెడిపోయిన ఎక్సాన్‌ను దాటించి డిస్ట్రోఫిన్‌ను కొంతైనా తయారు చేయించవచ్చని ఎండీఎక్స్ ఎలుకలోనే చూశారు. కానీ అక్కడ దాటించింది 23. 2016లో అమెరికాలో అనుమతి పొందిన ఎటెప్లిర్సెన్ అనే మందు దాటించేది 51. పద్ధతి ఒకటే, మందు వేరు. ఒక ఎక్సాన్ పోతే, మిగతా అక్షరాల వరుస మళ్లీ కుదరడానికి పక్కదాన్ని దాటిస్తారు: 50వ ఎక్సాన్ పోయిన పిల్లాడికి 51 దాటించాలి, 44 పోయిన పిల్లాడికి 45. కాబట్టి ఇలాంటి వార్త కనబడితే ముందు మీ రిపోర్టు తీసి ఏ ఎక్సాన్ పోయిందో చూసుకోండి. అర్థం కాకపోతే టెన్షన్ పడకండి, ఆ కాగితం పట్టుకుని జెనెటిక్ కౌన్సెలర్‌ను అడగండి.