బీరువాలో పుస్తకాల సంగతి

ఒరే పిల్లలూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు నా బీరువా తీసి ఈ లాంగ్ నోట్‌బుక్కులన్నీ ఏంటి తాతయ్యా అని అడిగారు కదా, నేను నోరు తెరిచేలోపే మీ నాయనమ్మ "ఆయనకి పనిలేక" అనేసింది, మీరు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అందుకే ఇది రాస్తున్నా.

మన ఇంటిపేరు ఉన్నవాళ్ళందర్నీ, మనకి చుట్టాలైనా కాకపోయినా, ఒకచోట రాసుకుంటూ పోవడం నా పని. ఇంగ్లండులో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళకి 1979 నుంచి ఒక సంఘమే ఉంది. ఇక్కడ నేనూ, నా కళ్ళజోడూ.

మొదట్లో మనవాళ్ళంతా తలో చెయ్యి వేస్తారనుకున్నా. ఫోన్ చేసి "మీ తాతగారి పేరేంటండీ" అనగానే అవతల గొంతు మారిపోయేది, ఎందుకంటే మన వైపు ముక్కూమొహం తెలీనివాడు తాత పేరు అడిగాడంటే పొలంలో వాటాకొచ్చాడనే లెక్క. ఒకాయనైతే "ఆ ఎకరంన్నర కోర్టులో తేలిపోయింది, మళ్ళీ ఎందుకు కెలుకుతారు" అని ఠక్కున పెట్టేశాడు. అసలా ఎకరంన్నర సంగతి నాకు తెలిస్తే కదా!

ఇక మనుషుల్ని వదిలేసి కాగితాల మీద పడ్డా. ఓటర్ల లిస్టులో తండ్రి పేరో భర్త పేరో, వయసూ ఉంటాయి. పాత దస్తావేజుల్లో ఫలానా వారి కుమారుడు అని ఉంటుంది. అన్నిటికంటే పెళ్ళి శుభలేఖలు, రెండు వైపులా తాతలు, ఊళ్ళు, ఒక్కోసారి మేనమామలతో సహా అచ్చేసి ఇంటికి తెచ్చిస్తారు, మనం చూస్తే వాటిమీద పకోడీలు పెట్టుకుంటాం. తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత ముగ్గురి పేర్లూ చెప్పాలి కాబట్టి అక్కడా మూడు తరాలు దొరుకుతాయి, ఆ పైన చీకటే.

ఇంటిపేరు ఒకటైతే చుట్టాలే అనుకోకండి. మనవాళ్ళ ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో, ఇంటిపేరు మాత్రం నెల్లూరు జిల్లా సర్వేపల్లిది. అలా ఒక ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఆ పేరు మోసుకుపోవచ్చు, కులం వేరు, గోత్రం వేరు, సంబంధం ఏమీ ఉండకపోవచ్చు.

ఒంటరిగా చేస్తే అసలు కష్టం చాకిరీ కాదర్రా, తప్పు చేస్తే చెప్పేవాడుండడు. ఒకింట్లో పొలం అమ్మిన పాత దస్తావేజు ఉందంటే ఫోటో పంపమన్నా, వాళ్ళు పైభాగం కోసేసి కింద సగం పంపారు. పార్థివ నామ సంవత్సరం అని ఉంది. ఆ ఇంట్లో తాతదీ మనవడిదీ ఒకే పేరు, మనలో మామూలేగా. నేను 1945 అని లెక్కేసి మనవడి ఖాతాలో రాసేశా. తీరా ఆ మనవడు 1941లోనే పోయినట్టు ఇంకో కాగితం దొరికింది. చచ్చిపోయినాయన పొలం ఎలా అమ్మాడు? నా తప్పేమోనని అనుమానం రాకపోగా, అదే పేరుతో మూడో మనిషి ఎవరో ఉండి ఉంటాడని నేనే ఒకణ్ణి పుట్టించేశా. నాలుగేళ్ళు బతికాడాయన నా పుస్తకంలో, ఇద్దరు కొడుకుల్ని కూడా ఆయనకి అంటగట్టా.

చివరికి ఆ ఊరు వెళ్తూ మన చిట్టిని వెంటేసుకెళ్ళా. అసలు కాగితం చేతికి రాగానే నేను కింద అక్షరాలు కూడబలుక్కుంటుంటే అది పైన వేలు పెట్టి "ఈవిడెవరు తాతయ్యా" అంది. స్టాంపులో విక్టోరియా రాణి! 1945లో అయితే జార్జి రాజు ఉండాలి. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది, పార్థివ 1885లోనూ వచ్చింది, అమ్మింది తాత. నా మూడో మనిషిని ఆ రాత్రే కొట్టేశా, కొంచెం బాధేసింది కూడా.

అప్పట్నుంచి ప్రతి పేరు పక్కనా ఎక్కడ చూశానో, ఎవరు చెప్పారో, ఏ తారీఖునో రాస్తున్నా. ఎవరికీ అతకనివాళ్ళకి వేరే పుస్తకం, అదే లావుగా ఉంది, ఉండనీ.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ ఇళ్ళల్లో ఉన్న శుభలేఖలన్నీ పట్రండి. పెళ్ళయి మనింటికొచ్చిన అత్తయ్యలూ పిన్నులూ పుట్టింటి ఇంటిపేరేంటో వాళ్ళనే అడిగి వెనకాల పెన్సిల్‌తో రాయండి, నా పుస్తకంలో ఆడవాళ్ళ వరస అంతా ఖాళీగా ఉంది.

మీ తాతయ్య