అరవై మాటల్లో రెండు మాటలు

ఎదుటివాళ్ల బాగోగులకు విలువిచ్చేవాళ్లు లోలోపల ఆడవాళ్లు, అధికారానికీ గెలుపుకీ విలువిచ్చేవాళ్లు మగవాళ్లు అన్న వాదన మళ్లీ వేడెక్కింది. ఇది సైన్సేనని ఒక పక్షం, పాత మూసకు కొత్త రంగని ఇంకో పక్షం. 1936లో మనస్తత్వ శాస్త్రవేత్తలు టెర్మన్, మైల్స్ వేసిన మగతనం-ఆడతనం పరీక్షను రెండు పక్షాలూ తవ్వి తీస్తున్నాయి. అంత వెనక్కి పోనక్కర్లేదు. గుణాలకూ జెండర్‌కూ ఇప్పటి ముడి పడింది 1974లో.

ఆ ఏడాది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సాండ్రా బెమ్ 'సెక్స్ రోల్ ఇన్వెంటరీ' (ఆడ-మగ పాత్రల పట్టిక) పేరుతో, ఎవరికి వారు మార్కులు వేసుకునే 60 మాటల పట్టిక ప్రచురించారు. మగ గుణాలు 20, ఆడ గుణాలు 20, ఎటూ చెందనివి 20. రెండు రకాలూ ఒకే మనిషిలో ఉండొచ్చని చూపడం ఆమె ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఆ గుణాలను విడదీసింది ఎలా? అమెరికా సమాజంలో మగవాడికి ఏ గుణం ఉంటే బాగుంటుంది, ఆడమనిషికి ఏది ఉంటే బాగుంటుంది అని విద్యార్థులను అడిగి. అంటే పట్టికకెక్కింది సమాజం కోరిక. తర్వాత చాలామంది దాన్ని మనిషి లోపలి గుర్తింపుగా చదివేశారు.

మరో మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ స్పెన్స్ దీన్ని ఒప్పుకోలేదు. అదే కాలంలో సహచరులతో కలిసి అలాంటి ప్రశ్నపత్రమే తయారుచేసిన మనిషి కాబట్టి ఆమెది బయటివాళ్ల విమర్శ కాదు. ఇవి కొలిచేది పని సాధించుకునే తత్వాన్నీ, ఎదుటివారి పట్ల మమకారాన్నీ మాత్రమే, నేను ఆడ, నేను మగ అనే భావం వేరే సంగతి అన్నారామె. తమ జెండర్‌కు నప్పే గుణాలు తమలో ఏవుంటే వాటిని జనం చూసుకుంటారు, నప్పనివాటిని పెద్దగా లెక్కచేయరు, అలా ఆ భావం చెక్కుచెదరకుండా ఉంటుందని ఆమె వివరణ.

రుజువు బెమ్ పట్టికలోనే దొరికింది. ఆ 60లో 'మగతనం ఉన్న', 'ఆడతనం ఉన్న' అనేవి కూడా రెండు మాటలు. 1979లో పెడజూర్, టెటెన్‌బామ్ అనే పరిశోధకులు లెక్క కట్టి చూస్తే అవి మిగతా గుణాలతో కలవకుండా విడిగా నిలబడ్డాయి. 1981లో బెమ్ తెచ్చిన 30 మాటల పొట్టి పట్టికలో ఆ రెండూ లేవు. పట్టిక పేరు మాత్రం మారలేదు!

ఇవాళ సైన్స్ పక్షం చూపిస్తున్నది 2005లో ష్వార్ట్జ్, రూబెల్ అనే పరిశోధకులు 70 దేశాల్లో విలువలను పోల్చిన అధ్యయనం. మగవాళ్లు అధికారం, విజయం వైపు, ఆడవాళ్లు దయ వైపు మొగ్గిన మాట నిజం. అయితే తేడా చిన్నది. వయసును బట్టి వచ్చే తేడా సాధారణంగా దానికంటే ఎక్కువ, సంస్కృతిని బట్టి వచ్చేది ఇంకా చాలా ఎక్కువ. పైగా అక్కడ పోల్చింది ఆడ, మగ గుంపుల సగటులను. తన జెండర్ గురించి ఎవరేమనుకుంటున్నారన్నది ఆ లెక్కలోనే లేదు.