టోపీలో మిగిలిన చీటీ

కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లిపోవడం అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇప్పుడు మామూలు సంగతి. ప్రతి వేసవిలోనూ అభిమానులకు ఆటకన్నా ఆ కబుర్లే ఎక్కువ. 1950లో బాబ్ కూజీ అనే కుర్ర ఆటగాడు ఎక్కడ ఆడాలో మాత్రం చీట్లు వేసి తేల్చారు.

కూజీ న్యూయార్క్‌లో 1928లో పుట్టాడు. అమ్మానాన్నలు ఫ్రాన్స్ నుంచి వలస వచ్చినవాళ్లు. చిన్నప్పుడు కుడిచెయ్యి విరిగితే, అది అతుక్కునేలోపు ఎడమచేత్తో బంతి కొట్టడం నేర్చుకున్నాడు. హోలీ క్రాస్ కాలేజీకి ఆడుతుండగా లయోలాతో జరిగిన మ్యాచ్‌లో ఆ ఎడమచెయ్యే ఆదుకుంది. ఆట ఆఖరి క్షణాల్లో ఉంది. కుడిపక్కన దారి మూసేసి ప్రత్యర్థి నిలబడ్డాడు. కూజీ బంతిని వీపు వెనకనుంచి తిప్పి ఎడమచేతికి అందుకుని, అటునుంచి దూసుకెళ్లి బాస్కెట్ వేశాడు. ఇలాంటివి చూసి కోచ్‌లు ముచ్చటపడలేదు, సర్కస్ అనుకున్నారు. బోస్టన్ సెల్టిక్స్ కోచ్ రెడ్ ఆర్‌బాక్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఇతన్ని వదిలేశాడు.

ట్రై-సిటీస్ జట్టు తీసుకుంది కానీ జీతం దగ్గర బేరం తెగలేదు. హక్కులు షికాగో స్టాగ్స్‌కు మారాయి. ఆ జట్టు కాస్తా మూతబడింది. పంచాల్సిన ఆటగాళ్లలో ముగ్గురి దగ్గర పేచీ వచ్చింది: మాక్స్ జాస్లాఫ్‌స్కీ, ఆండీ ఫిలిప్, కూజీ. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బోస్టన్ యజమానులు మూడు పేర్లూ టోపీలో వేసి తలా ఒకటి తీశారు. ముగ్గురికీ కావలసింది జాస్లాఫ్‌స్కీ. బోస్టన్ యజమాని వాల్టర్ బ్రౌన్‌కు కూజీ చీటీ వచ్చింది, మొహం మాడిపోయింది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. వరసగా 8 సీజన్లు అసిస్టుల్లో, అంటే తోటివాడి చేత బాస్కెట్ వేయించే పాస్‌లలో, కూజీదే మొదటి స్థానం. 1957లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. 6 చాంపియన్‌షిప్‌లు. పాయింట్ గార్డ్, అంటే బంతి చేతపట్టి జట్టు ఆటను నడిపించేవాడు, ఇలా ఉండాలని జనానికి ఒక బొమ్మ గీసిచ్చాడు.

నా దృష్టిలో మాత్రం అతని అసలు వారసత్వం కోర్టు మీద కన్నా ఉత్తరాల్లోనే ఎక్కువ ఉంది. 1954లో ఒక్కో జట్టులో పేరున్న ఒక్కో ఆటగాడికి, ఆటగాళ్ల సంఘం పెట్టుకుందామని రాశాడు. కోరికలు ఇవాళ చూస్తే నవ్వొస్తుంది. మూతబడ్డ బాల్టిమోర్ జట్టువాళ్లకు బాకీ జీతాలు ఇవ్వాలి, ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు 20కి మించకూడదు, రిఫరీలు వేసే 15 డాలర్ల జరిమానా ఎత్తెయ్యాలి. అందరూ సరేనన్నారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ టోపీలో పక్క చీటీ, ఆండీ ఫిలిప్! అప్పటికి అతను ఫోర్ట్ వేన్‌కు ఆడుతున్నాడు, అక్కడి యజమానికి యూనియన్ అంటే పడదు. 1957లో గానీ లీగ్ సంఘాన్ని గుర్తించలేదు. 1964లో బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ టీవీలో మొదలవబోతుంటే, పెన్షన్ హామీ వచ్చేదాకా గదిలోంచి రామని ఆటగాళ్లు భీష్మించుకున్నారు. అప్పటి సంఘం అధ్యక్షుడు టామ్ హైన్‌సన్, కూజీ జట్టువాడే.

పెన్షన్ వచ్చింది, ఆటగాడి మీద జట్టు పట్టు మాత్రం వదల్లేదు. కాంట్రాక్టు ముగిసినా జట్టు దాన్ని పొడిగించుకోవచ్చు. మరోచోటికి పోవాలంటే దారే లేదు. 1970 ఏప్రిల్‌లో సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ దీని మీదే కోర్టుకెక్కాడు. రాబర్ట్‌సన్ కూడా పాయింట్ గార్డే, 1961-62లో సగటున ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ మ్యాచ్‌కు పదికి పైనే) సాధించినవాడు. సరిగ్గా అదే నెలలో సిన్సినాటి రాయల్స్ అతన్ని మిల్వాకీకి ఇచ్చేసింది. రాయల్స్ కోచ్ ఎవరనుకున్నారు? బాబ్ కూజీ. సంఘం పెట్టినవాడే బేరం చేసే కుర్చీలో కూర్చున్నాడు. తన ఇష్టం లేకుండా మరో జట్టుకు ట్రేడ్ చేయకూడదన్న షరతు రాబర్ట్‌సన్ కాంట్రాక్టులో ఉంది కాబట్టి సరిపోయింది. అంతకుముందు బాల్టిమోర్‌కు పంపబోతే కుదరదన్నాడు, మిల్వాకీకి ఒప్పుకున్నాడు. 1971లో అక్కడే చాంపియన్ అయ్యాడు. అలాంటి షరతు రాయించుకునే సత్తా మామూలు ఆటగాడికి ఎక్కడిది?

కేసు 1976లో రాజీతో ముగిసింది. ఆటగాడు బయటి జట్టుతో మాట్లాడుకోవచ్చు, కాకపోతే పాత జట్టు అంతే డబ్బిచ్చి ఉంచేసుకోవచ్చు. అప్పటికి రాబర్ట్‌సన్ రిటైరై రెండేళ్లయింది. ఆ మెలిక కూడా లేకుండా జట్టు మారిన మొదటివాడు టామ్ చాంబర్స్. 1988లో సియాటిల్ వదిలి ఫీనిక్స్ వెళ్లాడు, తానే ఎంచుకుని.