నట్టు, దారం, కొబ్బరికాయ

పోయిన ఏడాది అట్లతద్ది వెళ్ళిన రెండు రోజులకు మా అక్కావాళ్ళ ఊరు వెళ్ళాను. చింతచెట్టుకు కట్టిన ఉయ్యాలలు ఇంకా విప్పలేదు. ఒకదాని మీద మా పెద్ద మేనకోడలు, ఏడో తరగతి. పక్కదాని మీద దాని చెల్లెలు, రెండో తరగతి. కాసేపు ఊగి పెద్దది కాళ్ళు నేలకు తన్ని ఆపేసింది.

"మామయ్యా, నేను దీనికి డబుల్ బరువుంటాను కదా. మరి ఇద్దరం ఒకేసారి ఎందుకు వెనక్కొస్తున్నాం?"

నోటి దాకా సూత్రం వచ్చింది. మింగేశాను. ఆ ప్రశ్నకు సూత్రం చెబితే అది "ఓహో" అని తలాడించి మళ్ళీ ఉయ్యాలెక్కుతుంది, అక్కడితో సరి. బావ ట్రాక్టరు సామాన్ల డబ్బాలోంచి ఒక పెద్ద నట్టు, ఒక చిన్న నట్టు తీసి, దారపు ఉండ, టేపు, నా ఫోనులో స్టాప్‌వాచ్ ఇచ్చి, గుమ్మం మేకు చూపించి ఊరుకున్నాను.

దారం పావు మీటరు. చిన్న నట్టు పది ఊపులకు 10 సెకన్లు. పెద్ద నట్టుకూ పదే. బరువైనదాన్ని భూమి ఎక్కువ లాగుతుంది, కానీ బరువైనదాన్ని కదిలించడమూ అంతే కష్టం. రెండూ సరిగ్గా చెల్లుకు చెల్లు. తర్వాత పొడవు మీద పడింది. దారం రెట్టింపు చేస్తే టైమూ రెట్టింపు అవుతుందని చెల్లెలితో చాక్లెట్ పందెం. అర మీటరుకు వచ్చింది 14 సెకన్లు. లెక్కపెట్టడంలో తప్పు చేశానని మూడుసార్లు మళ్ళీ చేసింది. మళ్ళీ 14. 20 సెకన్లు రావాలంటే దారం ఎంతుండాలో వెతుక్కుంటూ వెళ్ళి మీటరు దగ్గర ఆగింది. "రెండింతల టైముకు నాలుగింతల దారమా!" అని అరిచిన అరుపుకు అక్క వంటింట్లోంచి గరిటెతో వచ్చింది.

ఇదే ప్రయోగం నేను ఇంటర్‌లో చేశాను. అంటే, చేసినట్టు రికార్డు రాశాను. లఘులోలకం, అంటే దారానికి వేలాడే చిన్న గుండు ఊపుల్ని బట్టి గురుత్వ త్వరణం (భూమి లాగుడుకు పడే వస్తువు వేగం సెకను సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ లెక్క, సెంటీమీటర్లలో) కనుక్కోవడం. మా ల్యాబులో స్టాండ్లు నాలుగు, మేం అరవై మందిమి. సీనియర్ రికార్డులో రీడింగులు ఉండేవి, వాటిని అక్కడొకటి ఇక్కడొకటి మార్చి ఎక్కించుకునేవాళ్ళం. "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు, 980 దగ్గరికి తెచ్చేయండి" అనేవారు మాస్టారు. తెచ్చేవాళ్ళం. వెనక నుంచి లెక్క వేసి టైము రాసుకోవడంలో మా బ్యాచ్ ఆరితేరింది.

ఇప్పుడు ఆ రికార్డు చూస్తే నవ్వొస్తుంది. మీటరు దారం, 20 ఊపులు, సుమారు 40 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో వేలు ఐదో వంతు సెకను తడబడుతుంది, అంటే టైములో అర శాతం తేడా. సూత్రంలో టైము వర్గం ఉంది కాబట్టి ఫలితంలో అది ఒక శాతం అవుతుంది. దారాన్ని బాబ్ (వేలాడే గుండు) మధ్య దాకా కాకుండా ముడి దాకానే కొలిస్తే ఇంకో సెంటీమీటరు, అంటే ఇంకో శాతం పోయినట్టే. నిజాయితీగా చేసినవాడికి ఒకసారి 970, ఒకసారి 988 రావాలి. అరవై మందికీ 980 వచ్చిందంటే అరవై మందీ దొంగలే. ఒక ఊపును కొలవకుండా ఇరవై ఎందుకు కొలుస్తామో కూడా ఇక్కడే తెలిసేది: వేలి తప్పు ఐదో వంతు సెకనే, కానీ దాన్ని ఇరవై ఊపులు పంచుకుంటాయి. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ అవసరం పడలేదు.

అసలు తమాషా ఇంకోటుంది. హైదరాబాదులో గురుత్వ త్వరణం 980 కాదు, 978 మీద ఏదో చిల్లర. పుస్తకాల్లో ప్రామాణికంగా వేసే 980.665 మన అక్షాంశానిది కాదు, 45 డిగ్రీల అక్షాంశానిది. అంటే మేం మా ఊరి నేల మీద నిలబడి యూరప్ జవాబును కాపీ కొట్టాం! ఈ కాస్త తేడాకేముందిలే అనుకోకండి. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళవేత్త పారిస్‌లో సరిచేసిన లోలకపు గడియారాన్ని దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ దగ్గరున్న కాయెన్‌కు పట్టుకెళ్ళాడు. అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ భూమి లాగుడు కాస్త తక్కువ, అందుకే లోలకం పొడవు కొంచెం తగ్గిస్తే గానీ సరిగ్గా నడవలేదు. గడియారం పాడైందనుకుని ఊరుకుంటే అయిపోయేది. ఆయన దాన్ని రాసి పెట్టాడు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి నడుం దగ్గర ఉబ్బి ఉందనే వాదానికి న్యూటన్ ఆ కొలతను వాడుకున్నాడు. అదే గడియారం హైదరాబాదు వస్తే రోజుకు రెండు నిమిషాలకు కాస్త తక్కువగా వెనకబడుతుంది, లెక్క వేసి చూశాను. రిషే మా ల్యాబులో చేరి ఉంటే ఆ రెండున్నర నిమిషాలు దిద్దేసి ఉండేవాడు.

సరే, నట్టు దగ్గరికి వద్దాం. సాయంత్రానికి మేకు విసుగొచ్చి మేనకోడలు దారాన్ని చేత్తో పట్టుకుంది. కాసేపటికి కంగారుగా పిలిచింది. "మామయ్యా, నేను ఆడించట్లేదు, అదే ఆడుతోంది!" నిజమే, చెయ్యి కదులుతున్నట్టు నాకూ కనిపించలేదు. "గుండ్రంగా తిరగాలి" అనుకోమన్నాను. తిరిగింది. చెల్లెలు భయపడి వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది.

లెక్క చూడండి. వదిలేసిన నట్టు ఊపు 50 సార్లు ఊగేసరికి మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుందనుకుందాం. అలాంటి లోలకాన్ని దాని తాళానికే కదిలిస్తూ పోతే, చేతి కదలికకు సుమారు 150 రెట్లు ఊగుతుంది. చెయ్యి మిల్లీమీటరులో పదో వంతు, అంటే తలవెంట్రుకంత కదిలితే చాలు, నట్టు సెంటీమీటరున్నర ఊగుతుంది. ఉయ్యాలను చిటికెన వేలితో నెట్టినా చాలు, అది వెనక్కొచ్చి తిరిగే క్షణానికి నెట్టాలి, అంతే. మరి చేతికి ఆ తాళం ఎవరు చెబుతారు? కన్ను. కన్ను ఊపును చూస్తుంది, మనసు "అటు పోతోంది" అనుకుంటుంది, కండరం మనకు తెలియకుండానే అటే తూగుతుంది, ఊపు పెరుగుతుంది, కన్ను మళ్ళీ చూస్తుంది. మోసం చేసేవాడు ఎవడూ లేకుండానే మోసం జరిగిపోతుంది.

దీన్ని పట్టుకున్నది షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త. జనపదారానికి ఇనుప ఉంగరం కట్టి పాదరసం పైన పట్టుకుంటే ఊగేది. మధ్యలో గాజు పలక పెడితే ఆగేది. అద్భుతం అనుకోవచ్చు. కానీ ఆయన చేతికి ఆసరా పెట్టి చూశాడు, ఊపు తగ్గింది. కళ్ళకు గంతలు కట్టించుకుని, తనకు తెలియకుండా గాజు పలకను పెట్టి తీయమన్నాడు. ఉంగరానికి గాజూ పట్టలేదు, పాదరసమూ పట్టలేదు. ఆ సంగతి 1833లో భౌతికశాస్త్రవేత్త ఆంపియర్‌కు రాసిన లేఖలో అచ్చేశాడు. నాకు నచ్చేదేంటంటే, అనుమానించింది ఎవరి చేతినో కాదు, తన చేతిని. చేత్తో చేసి నేర్చుకోవాలి అని ఊదరగొట్టే మాలాంటివాళ్ళం ఈ భాగం సులువుగా మరిచిపోతాం.

మేనకోడలికి కూడా చున్నీతో గంతలు కట్టాం. నట్టు సోమరిగా వేలాడింది. ఏ దిక్కుకు ఊగాలో చెబితే ఊగింది గానీ, చెప్పిన దిక్కుకు కాదు.

రాత్రి భోజనాల దగ్గర బావ చెప్పాడు, పొద్దున్న బోరు పాయింట్ చూసే ఆయన వస్తున్నాడని. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు, నీళ్ళున్నచోట కాయ నిలువుగా లేస్తుందట. పీచు కాయ అరచేతిలో నిలకడగా ఉండదు, లేవడానికి కండరం చేసే చిన్న ఒత్తిడి చాలు. ఆ పెద్దాయన అబద్ధాలకోరేమీ కాదు, కాయ తానే లేచిందని ఆయన మనసారా నమ్ముతాడు. నేను ఈ మాటలేవీ అనలేదు, చేపల పులుసు బాగుంది.

"నాన్నా, ఆయనకు గంతలు కట్టి అదే చోటికి మళ్ళీ నడిపిద్దామా?" అంది మేనకోడలు.

బావ నా వైపు చూశాడు. "ఇవన్నీ నువ్వేనా దీనికి నేర్పింది?"

"నేనేం చెప్పలేదు బావా, నట్లిచ్చానంతే."

పొద్దున్న నేను లేచేసరికి చున్నీ మడత పెట్టి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. ఆయన వచ్చి, సంగతి విని, నవ్వి, టిఫిన్ తిని, కాయ తీయకుండానే మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.