ఆల్టర్నేటర్ రోటరుకు ఆ వేళ్లెందుకు?

చిత్తూరులో పాలిటెక్నిక్ చదువుతున్న ఒక అమ్మాయి ఈమధ్య నాకు ఒక ఫొటో పంపింది. మెకానిక్ షెడ్డులో విప్పి పెట్టిన కారు ఆల్టర్నేటర్ అది, అంటే ఇంజిను తిరుగుతుండగా బండికి కరెంటు పుట్టించే యంత్రం. అల్యూమినియం తొడుగు రెండు ముక్కలుగా పక్కన ఉంది, మధ్యలో గుండ్రటి ఇనుప ముద్ద. ‘ఇది తిరిగే అయస్కాంతం అంటున్నారు సార్. తీగ చుట్టలు వరుసగా కనిపిస్తాయనుకున్నాను. ఒక్క చుట్టా కనిపించడం లేదు, ఇనుప వేళ్లు మాత్రం ఉన్నాయి. మా పుస్తకంలో ఈ బొమ్మ లేదు. ఈ ఆకారం ఎందుకు?’ అని అడిగింది.

చాలా మంచి ప్రశ్న. తీగచుట్ట ముందు అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపిన సంగతి బడిలో అందరం చదివాం కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను. ఇంజిను బెల్టుతో తిరిగే ఈ యంత్రంలో బయట కదలకుండా ఉండేది స్టేటరు. రాగి తీగలు మూడు ఫేజులుగా అందులోనే ఉంటాయి. లోపల తిరిగే రోటరు విద్యుదయస్కాంతం. పుట్టిన ఏసీని, కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్లు డీసీ చేస్తాయి. రోటరుకు వెళ్లే కరెంటును రెగ్యులేటర్ పెంచుతూ తగ్గిస్తూ బ్యాటరీకి సుమారు 14 వోల్టులు అందేలా చూస్తుంది. విద్యుత్తు వైపు కథ ఇంతే. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు మెకానికల్ వైపు ఉంది.

రెండు అరచేతులను ఎదురెదురుగా పెట్టి, ఒక చేతి వేళ్ల సందుల్లోకి మరో చేతి వేళ్లు వచ్చేలా వంచండి. వేళ్లు ఒకదానికొకటి తగలకూడదు. ఒక్కో చేతికి ఆరేసి వేళ్లు ఉన్నాయనీ, అవి అరచేతి అంచు చుట్టూ వలయంగా మొలిచాయనీ అనుకోండి. రోటరు ఆకారం అదే. రెండు అరచేతుల మధ్య, ఇరుసు చుట్టూ, ఒకే ఒక్క తీగచుట్ట దాగి ఉంటుంది. అందులో నాలుగైదు ఆంపియర్ల కరెంటు పంపితే ఎడమ అరచేయి ఉత్తర ధ్రువం, కుడి అరచేయి దక్షిణ ధ్రువం అవుతాయి. అరచేతి ధ్రువం దాని వేళ్లన్నిటికీ వస్తుంది. ఇప్పుడు రోటరు చుట్టూ వేలు పెట్టి నడిపిస్తే ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అంటూ 12 ధ్రువాలు తగులుతాయి. ఒక్క చుట్టతో పన్నెండు ధ్రువాలు! ఇలాంటి రోటరును రాబర్ట్ లండెల్ అనే ఇంజనీరు పేరు మీద లండెల్ రోటరు అంటారు. నేటి కార్లలోనూ ఎక్కువ భాగం తిరుగుతున్నది అదే.

పన్నెండు ధ్రువాలకూ పన్నెండు చిన్న చుట్టలు విడివిడిగా చుట్టవచ్చు కదా అంటే, చుట్టవచ్చు. నెమ్మదిగా తిరిగే జలవిద్యుత్ కేంద్రాల జనరేటర్లలో ప్రతి ధ్రువానికీ వేరే చుట్ట ఉంటుంది. వాహనంలో వేగం వేరు. ఇంజిను నిమిషానికి 6,500 చుట్లు తిరుగుతున్నప్పుడు, ఇంజిను పుల్లీ ఆల్టర్నేటర్ పుల్లీకి 2.8 రెట్లు పెద్దదైతే, రోటరు దాదాపు 18,000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 300. రోటరు వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే, దాని అంచు గంటకు దాదాపు 340 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ అంచు దగ్గరి అపకేంద్ర త్వరణం భూమి ఆకర్షణకు 18,000 రెట్లు. ఒక గ్రాము ఇనుము అక్కడ 18 కిలోల బలంతో బయటికి లాగుతుంది. పది గ్రాములుంటే 180 కిలోల బలం. ఈ బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 6,000 చుట్ల దగ్గర గ్రాముకు రెండు కిలోలుగా ఉన్నది, వేగం మూడింతలు కాగానే తొమ్మిదింతలవుతుంది.

ఇంత బలం లాగుతుంటే విడి చుట్టల్లోని సన్నని రాగి తీగలను ధ్రువాల మీద నిలబెట్టడం చాలా కష్టం. ఒక్కో చుట్ట వదులై, ఇన్సులేషన్ ఒరుసుకుపోయి, చివరికి బయటికి ఉబ్బి స్టేటరును రాసుకుంటుంది. అరచేతుల మధ్య కూర్చున్న ఒంటి చుట్టకు ఆ బాధ లేదు. అది ఇరుసు చుట్టూ వలయంలా ఉంటుంది కాబట్టి లాగుడు అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది. వ్యాసం చిన్నది కాబట్టి లాగుడూ తక్కువ. తీగ ఏ కాస్త వదులైనా దాని చుట్టూ ఇనుప వేళ్ల పంజరం ఉంది. అమ్మాయికి తీగ కనిపించకపోవడానికి కారణం ఈ కాపలాయే.

అయితే కాపలా కాసే వేళ్లను ఎవరు కాయాలి? ప్రతి వేలూ అరచేతి దగ్గర మాత్రమే పట్టు ఉండి, రెండో కొన గాలిలో వేలాడే దూలం. వేగం పెరిగేకొద్దీ కొనలు బయటికి విచ్చుకుంటాయి. బయట స్టేటరుకూ వేలికీ మధ్య ఉన్న సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. సందు పెంచితే అయస్కాంత బలం పడిపోతుంది, తగ్గిస్తే గరిష్ఠ వేగంలో వేలి కొన స్టేటరును గీకుతుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇక్కడే ఉంది.

వేలు కుదురు దగ్గర లావుగా, కొన దగ్గర సన్నగా ఉంటుంది. ఎందుకు? అయస్కాంత అభివాహం (ఇనుములోంచి పారే అయస్కాంత ప్రభావం అనుకోండి) అరచేతి నుంచి వేలిలోకి వచ్చి, పొడవునా కొంచెం కొంచెంగా సందు దాటి స్టేటరులోకి వెళ్లిపోతుంటుంది. కుదురు దగ్గర మొత్తం అభివాహం ప్రవహించాలి, కొన దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. అందువల్ల ఇనుము కుదురు దగ్గర ఎక్కువ కావాలి, కొన దగ్గర తక్కువ చాలు. ఇది విద్యుత్ ఇంజనీరు లెక్క. ఇప్పుడు మెకానికల్ ఇంజనీరు లెక్క చూడండి. ఏ చోటనైనా వేలిని వంచే బలం, ఆ చోటు నుంచి కొన వరకు ఉన్న ఇనుము లాగుడంతా కలిసి పుట్టేది. కొన దగ్గర అది సున్నా, కుదురు దగ్గర గరిష్ఠం. కాబట్టి కుదురు లావుగా ఉండాలి. కొన సన్నబడితే చివరన బరువు తగ్గి, కుదురు మీది వంపు బలమూ తగ్గుతుంది. రెండు లెక్కలూ కొన దగ్గర సున్నాతో మొదలై కుదురు వైపు పెరుగుతూ వస్తాయి. వేలు ఒకే మందంలో ఉందనుకుంటే అభివాహం కొన నుంచి ఉన్న దూరానికి అనుపాతంలోనూ, వంపు బలం ఆ దూరపు వర్గానికి అనుపాతంలోనూ పెరుగుతాయి. రెండు వేర్వేరు శాస్త్రాలు ఒకరి మాట ఒకరు వినకుండానే ఒకే ఆకారాన్ని కోరుకున్నాయి. ఇంజనీరింగులో ఇలాంటి పొందిక అరుదు. సాధారణంగా ఒకరు లావు కావాలంటే మరొకరు సన్నం కావాలంటారు.

మిగతా విషయాల్లో మాత్రం రాజీలే. వేళ్లకు వాడేది తక్కువ కార్బన్ ఉన్న మెత్తని ఉక్కు. అయస్కాంతానికి అది మంచిది, బలానికి కాదు. గట్టి ఉక్కు వాడితే అభివాహం తేలిగ్గా పారదు. పక్కపక్క వేళ్లు వ్యతిరేక ధ్రువాలు కావడంతో కొంత అభివాహం స్టేటరు దాకా వెళ్లకుండా వేలి నుంచి వేలికే దొంగచాటుగా జారిపోతుంది. కొన్ని తయారీల్లో ఆ సందుల్లో శాశ్వత అయస్కాంతాలు పెట్టి ఈ దారిని మూసేస్తారు. వేళ్లు రేకుల పొరలు కాదు, నిండు ఇనుము. కాబట్టి స్టేటరు పళ్ల ముందు నుంచి దూసుకుపోయేటప్పుడు వాటి పైచర్మంలో ఎడ్డీ కరెంట్లు (ఇనుములోనే సుడులు తిరిగే కరెంట్లు) పుట్టి వేడెక్కుతాయి. ఇన్ని నష్టాల వల్లే సాధారణ ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 నుంచి 70 శాతం మధ్యే ఉంటుంది. విద్యుత్ దృష్టితో చూస్తే ఇది గొప్ప యంత్రం కాదు. సెకనుకు 300 చుట్ల దగ్గర కూడా విచ్చిపోకుండా ఉండగలగడమే దాని గొప్ప.

ఆ అమ్మాయి పుస్తకంలో బొమ్మ ఎందుకు లేదో నాకు తెలుసు. ఎలక్ట్రికల్ తరగతిలో ఆల్టర్నేటర్ అంటే ఫేజుల బొమ్మలు, వోల్టేజి సమీకరణాలు. మెకానికల్ తరగతిలో బేరింగులు, బెల్టులు, వంపు బలాలు. కారు ఆల్టర్నేటర్ ఈ రెండు గదుల మధ్య వరండాలో పడి ఉంటుంది, ఎవరూ లోపలికి తీసుకెళ్లరు. కుడిచేతి బొటనవేలు ఇటు, చూపుడువేలు అటు అని ఫ్లెమింగ్ నియమం వల్లె వేయించే గంటలో, పాత సామాన్ల అంగడి నుంచి ఒక పాడైన ఆల్టర్నేటర్ తెచ్చి పిల్లల చేత విప్పించవచ్చు. పొడవాటి బోల్టులు నాలుగు తీస్తే తొడుగు రెండుగా విడిపోతుంది. తిరిగే రోటరుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, స్లిప్ రింగులు, ఇంకా డయోడ్లు, బేరింగులు అన్నీ బల్ల మీదికి వస్తాయి. ఆ ఒక్క గంటలో నేర్చుకునేది ఏడాదంతా గుర్తుంటుంది.

బేరింగుల దగ్గర తిరుపతి ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. మే నెలలో బయటే 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద పరిస్థితి ఊహించండి. కొండ ఎక్కే బండి తక్కువ గేరులో ఇంజినును బాగా వేడెక్కిస్తూ నెమ్మదిగా కదులుతుంది, ఎదురుగాలి తక్కువ. ఏసీ, లైట్లు, రేడియేటర్ ఫ్యాను అన్నీ కరెంటు అడుగుతుంటాయి. ఆల్టర్నేటరుకు అతి కష్టమైన స్థితి గరిష్ఠ వేగం కాదు, ఇలాంటి మధ్యరకం వేగమే. కరెంటు అప్పటికే గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది, రోటరుకే అతికిన ఫ్యాను మాత్రం వేగం చాలక తక్కువ గాలి తోస్తుంది. ఆ వేడికి తొడుగు ఉబ్బుతుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 42 మిల్లీమీటర్ల ఉక్కు బేరింగు అల్యూమినియం గూటిలో కూర్చుని ఉండగా ఉష్ణోగ్రత 80 డిగ్రీలు పెరిగితే, గూడు బేరింగు కంటే సుమారు 0.04 మిల్లీమీటరు ఎక్కువ పెరుగుతుంది. అంత చాలు, బేరింగు బయటి వలయం గూటిలోనే తిరగడం మొదలుపెట్టి దాన్ని అరగదీస్తుంది. దీనికి విరుగుడుగా చాలా తయారీల్లో బేరింగుకూ గూటికీ మధ్య ప్లాస్టిక్ వలయం పెడతారు. వేడికి అది ఇంకా ఎక్కువ ఉబ్బి ఖాళీని పూడుస్తుంది. ముందు బేరింగు వెనకదానికంటే పెద్దదిగా ఉండటానికి కారణం బెల్టు లాగుడు. పుల్లీ తొడుగు బయటికి పొడుచుకుని ఉంటుంది, బరువంతా ముందు బేరింగు మీదే.

బెల్టుకు ఇంకో కష్టం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిను సమంగా తిరగదు. ప్రతి చుట్టుకూ రెండు సార్లు మంట పేలి ఇరుసు ఉరుకుతుంది, మధ్యలో వెనకబడుతుంది. రెండు మూడు కిలోల రోటరు అంత త్వరగా వేగం మార్చుకోలేదు. దాని జడత్వం ఇంజినుకు ఎంతగా అనిపిస్తుందంటే, పుల్లీల నిష్పత్తి వర్గమంత. 2.8 వర్గం 7.84 కాబట్టి దాదాపు ఎనిమిది రెట్లు. ఇంజిను వెనకబడిన ప్రతిసారీ రోటరు బెల్టును ముందుకు తోస్తుంది, మరుక్షణం ఇంజిను దాన్ని లాగుతుంది. బెల్టు జారుతుంది, కీచుమంటుంది, బిగువు పట్టే టెన్షనర్ ఊగిపోతుంది. డీజిల్ కార్లలో ఇది మరీ ఎక్కువ. అందుకే చాలా బండ్లలో ఆల్టర్నేటర్ పుల్లీ లోపల ఒక వైపే పట్టే క్లచ్ ఉంటుంది. ఇంజిను లాగినప్పుడు పట్టుకుంటుంది, వెనకబడితే వదిలేసి రోటరును తన వేగాన తిరగనిస్తుంది. మెకానిక్ బెల్టు మార్చినా కీచుమనడం ఆగకపోతే ఆ క్లచ్ పట్టేసిందేమో చూడమని అడగండి.

మన వైపు కొత్త బండి కొంటే అలిపిరి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, మిరపకాయల దండ కట్టడం మామూలు. దానివల్ల ఎవరి బండీ చెడదు, నేను అభ్యంతరం చెప్పను. నన్ను కలవరపెట్టే నమ్మకం షెడ్లలో ఉంది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టు అని తేల్చడం. ఇది చాలా ప్రమాదం. అప్పటివరకు బ్యాటరీలోకి పోతున్న కరెంటుకు ఒక్కసారిగా దారి మూసుకుపోతుంది. రోటరు చుట్టలోని అయస్కాంత క్షేత్రం ఆ క్షణంలోనే తగ్గిపోదు, సెకనులో కొంత భాగం పడుతుంది. రెగ్యులేటర్ ఎంత త్వరపడినా ఈలోగా వోల్టేజి ఎగిసిపోతుంది. అడ్డు లేకపోతే 12 వోల్టుల బండిలో 100 వోల్టుల దాకా వెళ్లగలదు. ఇప్పటి ఆల్టర్నేటర్లలో దీన్ని కొంత అణిచే డయోడ్లు ఉన్నాయి కానీ, వాటిని పరీక్షించే చోటు మీ బండి కాదు. మల్టీమీటరును బ్యాటరీ మీద పెట్టి 14 వోల్టుల దరిదాపుల్లో ఉందా అని చూస్తే పని అయిపోతుంది.

2022 సెప్టెంబరు నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటిలో బెల్టు లేదు, వేళ్ల రోటరు లేదు. లైట్లకు, హారనుకు కావలసిన తక్కువ వోల్టేజిని పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టర్ తయారుచేస్తుంది. అయితే జనరేటర్ పోలేదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద దిగుతున్నప్పుడు బస్సును నడిపే మోటారే జనరేటరుగా మారి, బస్సు బరువు ఇచ్చే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుస్తుంది. ఇలాంటి వాహనాల్లో ఎక్కువగా వాడే మోటార్లలో శాశ్వత అయస్కాంతాలను రోటరు ఇనుము లోపల పాతిపెడతారు. అవి బయటికి ఎగరకుండా పట్టి ఉంచేది రోటరు అంచున ఉండే సన్నని ఇనుప వంతెన. అపకేంద్ర బలాన్ని ఓర్చుకోవాలంటే ఆ వంతెన లావుగా ఉండాలి. లావైతే అయస్కాంత అభివాహం స్టేటరు వైపు వెళ్లకుండా ఆ వంతెనలోంచే అడ్డదారిన తిరిగి వచ్చేస్తుంది, అది తగ్గాలంటే వంతెన సన్నగా ఉండాలి. వేళ్ల రోటరులో రెండు శాస్త్రాలూ ఒకే ఆకారం కోరాయి. ఇక్కడ మాత్రం ఒకే మిల్లీమీటరు ఇనుము కోసం పోట్లాడుకుంటున్నాయి, డిజైనర్లు ఆ మిల్లీమీటరులో పదో వంతుల దగ్గర బేరమాడుతున్నారు.