పక్కన అపార్ట్‌మెంట్ టవర్లు వస్తే మన జంక్షన్‌కు ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

జంక్షన్ల దగ్గర నిలబడి బండ్లు లెక్కపెట్టడం, ఆ లెక్కలతో సిగ్నల్ టైమింగులు చూడటం నా పని. ఈమధ్య హైదరాబాద్ పడమటి శివార్లలో నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు ఉండే తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "మా పక్కన ఇంకో నాలుగు టవర్లు లేస్తున్నాయి, మా పరిస్థితేంటి?" ఆ మాటల్లో తరచూ వినే అపోహలివి.

అపోహ: ముందు వంద అడుగుల రోడ్డుంది, ఎన్ని ఫ్లాట్లు వచ్చినా ఫర్వాలేదు.

వాస్తవం: రోడ్డు మీద బండ్లు గంటంతా పోతాయి. సిగ్నల్ దగ్గర మాత్రం గ్రీన్ ఉన్నంతసేపే. 120 సెకన్ల సిగ్నల్ సైకిల్‌లో (అన్ని వైపులకూ ఒకసారి గ్రీన్ వచ్చి మళ్లీ మొదటికొచ్చే సమయం) మీ వైపు 30 సెకన్ల గ్రీన్ ఉంటే, అంత రోడ్డులో పనికొచ్చేది పావువంతే. 2006 బిల్డింగ్ రూల్స్‌తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితి తీసేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని (సెట్‌బ్యాక్) బట్టి ఎత్తుకు అనుమతి వస్తుంది. అంటే అనుమతికి కొలిచేది గేటు ముందు రోడ్డును. బండ్లు ఆగిపోయేది అర కిలోమీటరు అవతల జంక్షన్‌లో.

అపోహ: ఈ ప్రాజెక్టు వల్ల పెరిగే ట్రాఫిక్ ఏడు శాతం లోపే. దానికింత టెన్షన్ ఎందుకు?

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ వాక్యమే, ఎందుకంటే లెక్క ప్రకారం ఇందులో తప్పుండదు. ఒక ఉదాహరణ వేసుకుందాం. రెండు లైన్లు, 30 సెకన్ల గ్రీన్, లైనుకు రెండు సెకన్లకో కారు. ఒక్కో గ్రీన్‌కు 30 కార్లు దాటుతాయి, గంటకు 900. ఇప్పుడు వచ్చేవి 870, ఎలాగో నెట్టుకొస్తోంది. కొత్త ప్రాజెక్టు 60 కలిపితే 930. గంట చివరికి 30 కార్లు మిగిలిపోతాయి, అంటే ఇంకో సైకిల్, రెండు నిమిషాలు. అదే దారిలో రెండో ప్రాజెక్టు కూడా "ఏడు శాతం లోపే" అంటూ ఇంకో 60 కలిపితే? మిగిలేవి 90. చివర్లో వచ్చినవాళ్లకు ఆరు నిమిషాలు అదనం. కారుకు ఆరు మీటర్లు వేసుకున్నా, మామూలు రెడ్ క్యూ కాక, రెండు లైన్లలోనూ ఇంకో 270 మీటర్ల వరుస.

ఆ వరుస వెనకున్న యూ టర్న్‌ను మూసేస్తుంది. ఒకరోజు పొద్దున 8.40కి ఇలాంటి చోటే నిలబడ్డాను. రైట్ తిరగాల్సిన స్కూల్ బస్సు సగం పక్క లైన్లోకి వచ్చి ఆగింది. దాని వెనక లెఫ్ట్‌కు పోవాల్సిన బండ్లన్నీ ఇరుక్కున్నాయి. ముందు ఫ్రీ లెఫ్ట్ ఖాళీగా ఉంది, అక్కడిదాకా చేరే సందు లేదు. బైకులు ఫుట్‌పాత్ ఎక్కాయి. ఒకమ్మ పిల్లాడి చెయ్యి పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

అందుకే ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టు విడిగా లెక్క చూడకూడదు. ఆ జంక్షన్ మీద పడే అన్ని ప్రాజెక్టులనూ, అనుమతి వచ్చి ఇంకా పునాది తీయనివాటితో సహా, కలిపి చూడాలి.

అపోహ: జనం వచ్చి చేరడానికి నాలుగైదేళ్లు పడుతుంది, అప్పుడు చూసుకోవచ్చు.

వాస్తవం: మట్టి టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు మొదటి ఏడాదే వస్తాయి. జనం చేరాక ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్కలో రోడ్డు మీద లారీల వాటా పది శాతానికి చేరితే ఒక్కోటి 3.7 కార్లకు సమానం. పనివాళ్లు, డ్రైవర్లు, డెలివరీ బైకులు కూడా గేటు దాటేవాళ్లే. ఫ్లాటుకు ఎన్ని కార్లని మాత్రమే చూసే ట్రాఫిక్ రిపోర్టులో వీళ్లెవరూ కనిపించరు.

అపోహ: ఫ్లైఓవర్ వేస్తే తీరిపోతుంది.

వాస్తవం: నేరుగా పోయేవాళ్లకు తీరుతుంది. గచ్చిబౌలి దగ్గరి బయోడైవర్సిటీ జంక్షన్‌లో 2019, 2020లలో రెండు ఫ్లైఓవర్లు తెరిచారు. పైనుంచి దాటేవాళ్లకు ఆ సిగ్నల్ తప్పింది, నిజమే. కానీ కొత్త కాలనీ నుంచి వచ్చేవాళ్లు చాలామంది తిరగాల్సినవాళ్లు. వాళ్లు కిందే ఉంటారు.

అపోహ: అసలు కట్టనివ్వకపోతే సరి.

వాస్తవం: ఆఫీసులు ఇక్కడే ఉన్నాయి కదా. ఇక్కడ ఇల్లు దొరకనివాళ్లు శంకర్‌పల్లి వైపు కొనుక్కుని, ఇంకా దూరం నుంచి చాలావరకు ఇవే జంక్షన్ల మీదుగా వస్తారు. ఇళ్లు కట్టాలి. వాటితోపాటు రెండో గేటు, వెనక లింకు రోడ్డు, నడవగలిగే బస్టాపు కూడా రావాలి.

మీ దగ్గర ట్రాఫిక్ రిపోర్టు ఎవరైనా చూపిస్తే, మొదటి పేజీలోని శాతం దగ్గర ఆగకండి. రైట్ టర్న్ లెక్క విడిగా ఉందో లేదో, క్యూ ఎన్ని మీటర్లని రాశారో చూడండి. బండ్లు లెక్కపెట్టిన తేదీ కూడా చూడండి. అది మే నెలదో, దసరా సెలవుల్లోదో అయితే స్కూలు బస్సులు అందులో లేనట్టే. బడులు నడిచే రోజుల్లో ఒక మంగళవారమో బుధవారమో మళ్లీ లెక్కపెట్టమని రాతపూర్వకంగా అడగండి.